మర్రిగూడలో ప్రతి నడుం నొప్పీ ఫ్లోరైడేనా?

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నుంచి నడుం పట్టేసిన మనిషి ఆసుపత్రికి వస్తే డాక్టరు మొదట అడిగేది "ఏ ఊరు?" అని. ఊరి పేరు చెప్పగానే సగం పరీక్ష అయిపోయినట్టే. "ఫ్లోరైడ్" అని చీటీ మీద రాసి, నొప్పి గోలీలిచ్చి పంపేస్తారు. చాలాసార్లు ఆ మాట నిజమే. నా పేచీ కూడా అక్కడే. పదిమందిలో తొమ్మిదిమందికి సరిపోయే మాట పదో మనిషిని ముంచుతుంది.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. అది ఎక్స్‌రేలో ఎలా కనిపిస్తుందో ఈ జిల్లాలో పనిచేసిన డాక్టర్లకు చెప్పక్కర్లేదు. వెన్నుపూసలు సుద్దముక్కల్లా తెల్లబడతాయి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ముళ్లలా పొడుచుకొస్తుంది. అయితే ఎముక తెల్లబడే జబ్బు ఇదొక్కటే కాదు. ఆస్టియోపెట్రోసిస్ అనే జన్యు జబ్బులోనూ ఎముక రాయిలా చిక్కబడుతుంది. కాకపోతే అందులో వెన్నుపూస పైఅంచూ కిందిఅంచూ ముదురుగా, నడుమ పలుచగా ఉంటాయి. కొందరిలో ఎముక లోపల ఇంకో ఎముక ఉన్నట్టు కనిపిస్తుంది. పసిపిల్లల్లో వచ్చే తీవ్రమైన రకంలో మూలుగకు చోటు లేక రక్తం తగ్గిపోతుంది, కంటి నరం నలిగి చూపు పోతుంది. అలాంటి బిడ్డకు మూలుగ మార్పిడి చేసే అవకాశం ఉంటుంది, అదీ తొందరగా గుర్తిస్తేనే.

ఆల్కాప్టోన్యూరియా అనే ఇంకో జన్యు జబ్బు సంగతి ఇంకా విచిత్రం. ఈ జబ్బున్నవాళ్ల మూత్రాన్ని కాసేపు అలా వదిలేస్తే నల్లబడుతుంది. నడివయసు వచ్చేసరికి వెన్ను బిగుసుకుపోతుంది, మోకాళ్లు అరుగుతాయి. ఇది పుట్టుకతో వచ్చే లోపమని ఆర్కిబాల్డ్ గారాడ్ అనే ఇంగ్లండు డాక్టరు 1902లోనే చెప్పాడు. ఎక్స్‌రేలో వెన్నుపూసల మధ్య డిస్కులు సున్నం పట్టి గీతల్లా కనిపిస్తాయి. మన దగ్గర ఆ ఫిల్మును ఎవరైనా ఆగి చూస్తారా? ఊరి పేరే జవాబు చెప్పేసింది కదా!

పిల్లల విషయానికొస్తే నాకు కోపం ఆగదు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ 2016లో మొదలైంది. కృష్ణా నీళ్లు తాగుతూ పెరిగిన బిడ్డకు కాళ్లు వంకర తిరిగితే దానికీ ఫ్లోరైడే కారణమా? మూత్రంలో ఫాస్ఫేటు పోయి ఎముక మెత్తబడే వంశపారంపర్య రికెట్స్ ఒకటుంది. మోకాలి దగ్గర ఎముక చివర చెదిరి, గిన్నెలా గుంటపడటం ఎక్స్‌రేలో తెలుస్తుంది. తర్వాత రక్తంలో ఫాస్ఫరస్ చూడటం పెద్ద ఖర్చేమీ కాదు. దానికి మందులున్నాయి. ఎదిగే వయసు దాటాక వాటితో కాళ్లు తిన్నగా కావడం కష్టం.

ఎక్స్‌రేతో తేలదు, చివరికి జన్యు పరీక్షే కావాలి అంటారు కొందరు. జిల్లాకు రేడియాలజిస్టులే రారు, ముందు డెంగీ, టీబీ సంగతి చూడండి అని ఇంకొందరు. జన్యు పరీక్ష మాట నిజమే. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ కలిసి అరుదైన వ్యాధుల ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. అరుదైన వ్యాధుల 2021 జాతీయ విధానం కింద 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. కానీ ఆ గడప దాకా పోవాలంటే ముందు ఎవరికో ఒకరికి అనుమానం రావాలి. ఆ అనుమానం పుట్టేది జిల్లా ఆసుపత్రి ఎక్స్‌రే గదిలోనే.

అసలు సంగతి మిషన్లు కాదు, ఫిల్ములు. మా పెదనాన్నకు పదేళ్లలో మూడు ఆసుపత్రుల్లో మూడుసార్లు వెన్ను ఎక్స్‌రే తీశారు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినవాళ్లు లేరు. పట్నంలో ఒక డాక్టరు "పాతవి తెండి" అంటే ఇల్లంతా వెతికాం. పిల్లలు వాటిలోంచి గ్రహణం చూసి ఎక్కడో పారేశారు (అలా చూడటం కంటికి మంచిది కాదు, అది వేరే సంగతి). ఆయనది ఫ్లోరోసిసో కాదో చివరికి తేలనే లేదు.

ఫిల్ములన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఏం జరుగుతుందో ఈ జిల్లాకు తెలుసు. 1970ల్లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ పల్లెల్లో మోకాళ్లు లోపలికి వంగిన కుర్రాళ్లను వరసగా పరీక్షించారు. ఫ్లోరైడ్ ప్రాంతంలో ఎముక గట్టిపడుతుందనుకుంటే కొన్నిచోట్ల గుల్లబారుతోందని వాళ్లకు తెలిసింది. అక్కణ్నుంచి జొన్నల్లో మాలిబ్డినం, ఒంట్లో రాగి దాకా వెతికారు. ఒక్కో ఫిల్మును ఒక్కో ఇంట్లో చుట్టిపెడితే ఆ సంగతి బయటపడేదా? ఇప్పుడేమో ఏఐ చదివేస్తుందంటున్నారు. చూపించని జబ్బును అది మాత్రం ఎలా గుర్తుపడుతుంది? అరుదైన జబ్బుల బొమ్మలే తక్కువ, ఉన్నవాటిని మనం గ్రహణానికి వాడుకుంటున్నాం.

ఈ మతిమరుపు ఆసుపత్రులది మాత్రమే కాదు, సర్కారుదే. భూముల రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది. సర్వే నంబరు కొడితే గుంటలతో సహా లెక్క చెబుతుంది. మట్టికి ఉన్న రికార్డు మనిషి ఎముకకు లేదు. ఆరోగ్య రికార్డుల కోసం పద్నాలుగు అంకెల ఆభా నంబరు ఇచ్చారు గానీ, దాన్ని కొడితే మా పెదనాన్న వెన్నుపూస రాదు. పాలమూరు కూలీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ముంబైలో తీసిన స్కాన్ ముంబైలోనే ఉంటుంది, నారాయణపేటలో మళ్లీ మొదటి నుంచి తీస్తారు, డబ్బులు మళ్లీ కట్టాలి. స్కానింగ్ సెంటర్లకు ఇది బాగానే ఉంటుంది మరి!

మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. కొత్త మిషన్ కొని రిబ్బన్ కత్తిరించే ముందు, ఈ కాలేజీల్లో తీసే ప్రతి ఎక్స్‌రేను పేషెంటు నంబరుతో దాచే ఏర్పాటు చేయండి. వారానికి ఒక పూట ఎయిమ్స్, నిమ్స్ డాక్టర్లతో కలిసి తేలని ఫిల్ములు చూడండి. మొదటివారం "ఫ్లోరైడ్" అని రాసిన పిల్లల ఫిల్ములతో మొదలుపెట్టండి.