గట్టు తెగలేదు, అందుకే ఆ దారి మిగిలింది

ఫ్రాన్స్‌లో కాలువల వెంట, ద్రాక్షతోటల మధ్య సైకిళ్ల మీద తిరిగొచ్చినవాళ్ల ఫొటోలు ఈమధ్య మన ఫోన్లలోకీ బాగానే వస్తున్నాయి. నడుమ నీళ్లు, పక్కన చెట్లు, ఎంత దూరం చూసినా ఒక్క కారు కూడా లేని దారి. చూసినవాళ్లు "వాళ్ల దేశం వేరు, వాళ్ల మనుషులు వేరు" అని ఓ మాట అనేసి ఊరుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ దారి సంస్కారం వల్ల రాలేదు, డబ్బు ఒక్కదానివల్లా రాలేదు. పని అయిపోయిన కాలువ గట్టునీ, రైళ్లు ఆగిపోయిన కట్టనీ ముక్కలు చేసి పంచెయ్యకుండా, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్క తాడులా ప్రజల ఆస్తిగానే ఉంచుకున్నారు కాబట్టి వచ్చింది. సైకిలు సంగతి ఆ తర్వాత.

పోయినేడు మే నెలలో నేనూ, మా ఆవిడా, తొమ్మిదేళ్ల మా అమ్మాయీ డిజాన్‌లో సైకిళ్లు అద్దెకి తీసుకుని బర్గండీ కాలువ వెంట పడమటికి బయల్దేరాం. ఊరు దాటాక కొంత దూరం కాలువకి సమాంతరంగా పెద్ద హైవే పోతుంది, దాని హోరు చెట్ల వెనక నుంచి వినిపిస్తూనే ఉంటుంది, కానీ దాంతో మనకి పని పడదు. మొదటి గంట మా ఆవిడ అలవాటుకొద్దీ "పక్కకి రా, పక్కకి రా" అని అమ్మాయిని కేకేస్తూనే ఉంది. ఆ తర్వాత ఆ మాట ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో మా ఇద్దరికీ తెలీదు. హైదరాబాద్‌లో మా వీధి మలుపుదాకా కూడా ఒంటరిగా పంపని పిల్ల, మాకు రెండు వందల గజాల ముందు, ఎవరి తోడూ లేకుండా తొక్కుకుంటూ పోతోంది. దారిలో లాకు (పడవని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గది) వచ్చినప్పుడల్లా దిగి, లాకు ఇంటి గోడ మీద ఉన్న పలక దగ్గర నిలబడి చదివేది, లాకు నంబరు ఎంత, తర్వాతి లాకు ఎంత దూరం అని. ఒకచోట పడవ వస్తుంటే లాకు దగ్గరి మనిషి (మన దగ్గర లస్కరు చేసే పనే) మర చేత్తో తిప్పి తలుపులు తెరిచాడు. నీళ్లు నురగలు కక్కుతూ నిండాయి, పడవ మా కళ్లముందే మనిషి ఎత్తుకి పైగా లేచింది. మా అమ్మాయికి అది చాలు, ఆ రోజంతా లాకుల లెక్కే.

ఇక్కడ ఒక చిన్న ఇంజనీరింగ్ విషయం ఉంది, నాకు అన్నింటికన్నా అదే ఇష్టం. కాలువలో నీళ్లు నిలకడగా ఉండాలంటే మట్టం మారకూడదు. ఎక్కాల్సిన ఎత్తంతా లాకుల దగ్గరే ఎక్కేస్తారు, లాకుకీ లాకుకీ మధ్య నేల బల్లపరుపు. ఈ కాలువ పొడవు 242 కిలోమీటర్లు, లాకులు 189, నడుమ పుయీ దగ్గర సముద్ర మట్టానికి 378 మీటర్ల ఎత్తు, అక్కడ కొండ కింద నుంచి మూడు కిలోమీటర్లకు పైగా సొరంగం. అంటే కొండ ఎక్కి దిగుతున్నా తొక్కేవాడి కాళ్లకి ఆ సంగతి తెలీదు, లాకు దగ్గర రెండు మూడు మీటర్ల చిన్న ఎక్కుడు, మళ్లీ చదును. గుర్రాలు బరువైన పడవలు లాగడానికి వేసిన వాలు అది. అదే వాలు ఇప్పుడు తొమ్మిదేళ్ల పిల్లకీ, డెబ్బై ఏళ్ల పెద్దాయనకీ సరిగ్గా సరిపోతోంది. రైలు కట్ట కూడా అంతే, ఆవిరి ఇంజను నిటారుగా ఉన్న ఎత్తు ఎక్కలేదు కాబట్టి కొండని తొలిచి, లోయలో మట్టి పోసి చదును చేశారు. ఈ పనంతా మళ్లీ కొత్తగా చెయ్యాలంటే ఏ ప్రభుత్వానికీ తలకి మించిన భారమే. చేసి ఉన్నదాన్ని కాపాడుకోవడం మాత్రం చవక.

ఆ కాలువ వ్యాపారంగా పెద్దగా వెలగలేదు కూడా. యోన్ నదిని సోన్ నదితో కలుపుతూ 1832లో తెరిచారు, ఇరవై ఏళ్లు తిరక్కుండానే 1851లో పారిస్ నుంచి డిజాన్‌కి రైలొచ్చింది. తర్వాత లారీలొచ్చాయి. సరుకు పడవలు దాదాపు పోయాయి. లాభం లేని ఆస్తి అని అప్పుడే గట్టు అమ్మేసి ఉంటే అడిగేవాడు ఉండేవాడు కాదు. అమ్మలేదు.

ఎందుకు అమ్మలేదో అర్థం కావాలంటే ఇంకా వెనక్కి, 1669కి వెళ్లాలి. పద్నాలుగో లూయీ కాలంలో వచ్చిన నీళ్లూ అడవుల శాసనం పడవలు తిరిగే నదుల పక్క భూములున్న రైతులందరికీ ఒక మాట చెప్పింది: పడవలు లాగే గుర్రాల కోసం ఒడ్డున 24 అడుగులు వదలాలి, 30 అడుగుల లోపల చెట్టు నాటకూడదు, కంచె వెయ్యకూడదు. రాజు పోయాడు, విప్లవం వచ్చింది, గుర్రాలూ పోయాయి. ఆ కొలత మాత్రం పోలేదు. ఇప్పటి ఫ్రెంచి చట్టంలో అది 7.80 మీటర్లు, 9.75 మీటర్లు అని రాసి ఉంది. అంకె ఎందుకంత వంకరగా ఉందంటే పాత ఫ్రెంచి అడుగుల్ని మీటర్లలోకి మార్చారు కాబట్టి. మూడున్నర శతాబ్దాలుగా ఒక కొలతని నిలబెట్టడం అంటే ఇదీ. కాలువల దగ్గరైతే గట్టే సర్కారుది.

రైలు సంగతి ఇంకా దగ్గరి కథ. దక్షిణ బర్గండీలో జీవ్రీ నుంచి క్లూనీ దాకా రైళ్లు ఆగిపోయిన పాత కట్ట మీద 1997లో 44 కిలోమీటర్ల దారి తెరిచారు, ఫ్రాన్స్‌లో మొదటి 'పచ్చదారి' అదే. 2004లో ఆ పేరు ట్రాఫిక్ చట్టంలోకే ఎక్కింది: మోటారు బండి రాకూడదు, సైకిలూ మనిషీ గుర్రపు స్వారీ మాత్రమే. క్లూనీ దాటాక కొండ కింద 1.6 కిలోమీటర్ల రైలు సొరంగంలోంచి సైకిళ్లు పోతాయి, చలికాలంలో మాత్రం లోపల గబ్బిలాలు నిద్రపోతాయని మూసేస్తారు.

ద్రాక్షతోటల దారి వేరే రకం, దాన్నీ కలిపి పొగిడేస్తే తప్పవుతుంది. బోన్ నుంచి పొమ్మార్, వోల్నే, మెర్సో ఊళ్ల మీదుగా సాంత్నే దాకా పోయే దారి చాలామటుకు తోటల పనికి వేసుకున్న రోడ్డే. రాతి గోడల మధ్య సన్నగా పోతుంది, ద్రాక్ష వరుస మీద రెండు పక్కలా కాళ్లు చాచి నడిచే ఆ పొడుగాటి ట్రాక్టర్లు ఎదురొస్తాయి, అప్పుడు సైకిలు దిగి పక్కకి నిలబడాలి. పని వాళ్లది, దారి ముందు వాళ్లదే. ఈ తోటలకి 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది, వెయ్యికి పైగా చిన్న చిన్న నేల చెక్కలు, ఒక్కోదానికీ పేరూ హద్దూ శతాబ్దాల నుంచి రికార్డులో ఉన్నాయి. చెక్క హద్దు అంత గట్టిగా పట్టుకునే ఊళ్లో దారి హద్దు కూడా నిలుస్తుంది, ఈ రెండూ ఒకే అలవాటు.

మనకీ ఇది కుదురుతుందంటే వచ్చే జవాబు నాకు తెలుసు. వాళ్లది డబ్బున్న దేశం, జనం తక్కువ, ఎండ తక్కువ, మనకి తిండీ ఇల్లూ ముందు, టూరిస్టుల సైకిళ్లు తర్వాత అంటారు. ఎండ మాట నిజం. మిగతాది కాదు. వాళ్లకీ అన్నీ కుదరలేదు, 1681లో తెరిచి యునెస్కో జాబితాలో కూడా ఉన్న దక్షిణ ఫ్రాన్స్ మిదీ కాలువ గట్టు తూలూజ్ దాటి యాభై కిలోమీటర్లు పోయాక చాలాచోట్ల వేళ్లూ మట్టీ గతుకులే. అయినా నడవొచ్చు, తొక్కొచ్చు, ఎందుకంటే గట్టు ఉంది. తారు ఇవాళ డబ్బు లేకపోతే పదేళ్ల తర్వాత వేసుకోవచ్చు. పోయిన గట్టుని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

నేను గోదావరి డెల్టాలో పుట్టినవాణ్ని, కాబట్టి ఆ లాకుల దగ్గర నిలబడి ఇంటి సంగతి తలుచుకోకుండా ఉండలేకపోయాను. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి, కాలువల్ని సాగుకే కాదు, పడవలు తిరగడానికి కూడా వీలుగా తవ్వించాడు. లాకు అంటే ఏమిటో ఫ్రెంచివాళ్లు మనకి చెప్పక్కర్లేదు, మన ఊళ్లలో 'లాకుల దగ్గర దిగుతాను' అని బస్సు కండక్టరుకి చెప్పే మనుషులం. మా తాతయ్య తరంలో గట్టు మీద తాడు పట్టుకుని పడవల్ని లాగేవారు, అచ్చం అలాగే. గోదావరి నీళ్ల నుంచి ఏలూరు కాలువ మీదుగా బెజవాడ దాకా, అక్కడి నుంచి కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా వెళ్లిపోయేవారు. 2008లో ఆ కాలువల్నే జాతీయ జలమార్గం 4గా ప్రకటించారు కూడా. కాగితం మీద దారి ఉంది. గట్టు మీదకి వెళ్లి చూస్తే ఒకచోట షాపులు, ఇంకోచోట ప్రహరీ, మరోచోట చెత్త గుట్ట. కాలువ పోరంబోకు అన్న మాటకి అందరిదీ అన్న అర్థం పోయి ఎవరిదీ కాదన్న అర్థం స్థిరపడిపోయింది. నాకు కోపం వచ్చేది అక్కడే.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ కట్టారు, మంచిదే, ఎండకి జవాబు దొరికిందని సంతోషించాను కూడా. కానీ అది ఎనిమిది వరసల హైవే పక్కన కొత్తగా కట్టినది. డెల్టాలో అయితే చదునైన దారి, పక్కన నీళ్లు, ఐదారు కిలోమీటర్లకో ఊరు, ఊరూరా టీ కొట్టు, ఇవన్నీ ముందే ఉన్నాయి. అది టూరిస్టు దారి అవ్వక్కర్లేదు. బడికెళ్లే పిల్లలు లారీలకి భయపడకుండా వెళ్లే దారి అయితే చాలు, టూరిస్టు తర్వాత వాడే వస్తాడు. గట్టు మీద గుడిసె వేసుకున్న పేదవాడికి ముందు వేరేచోట ఇల్లు చూపించాలి, అందులో వాదన లేదు, గట్టుని ప్రహరీలో కలిపేసుకున్నవాడితో ఆ పేదవాణ్ని ఒక గాటన కట్టొద్దు.

ఏటా వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేసి మరమ్మతులు చేస్తారు కదా. ఈసారి కట్టేసిన ఆ రోజుల్లో ఇరిగేషన్ వాళ్లూ రెవెన్యూ వాళ్లూ కలిసి ఒక్క కాలువ తీసుకుని, ధవళేశ్వరం లాకుల నుంచి మొదలుపెట్టి చివరిదాకా గట్టు వెడల్పు కొలిచి, హద్దురాళ్లు పాతి, ఆ కొలతలు ఊరూరా పంచాయతీ గోడ మీద రాయించాలి. తారు గురించి ఆ తర్వాత మాట్లాడదాం.