ఓపీ చీటీలో వీధి పేరేది?

మొన్న అమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే గుంటూరులో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఓపీ కౌంటర్లో అమ్మాయి పేరు, వయసు, ఫోన్ నంబరు అడిగి, అడ్రస్ గడిలో 'గుంటూరు' అని కొట్టేసింది. వీధి చెప్పబోతే "అక్కర్లేదండీ" అంది. వెనక క్యూ ఉంది, ఆమెను తప్పు పట్టను. కానీ అమ్మ పక్క మంచాల మీద సెలైన్ ఎక్కించుకుంటున్న ఇద్దరూ మా వెనక వీధి వాళ్లేనని మాటల్లో మాకు తెలిసింది, ఆస్పత్రి కంప్యూటర్‌కు తెలీలేదు.

2018 మార్చిలో ఇదే గుంటూరులో, ఆనందపేట వైపు తాగునీళ్లలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది. పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. కలరా లాంటిదైతే ఆ నీళ్లు తాగిన కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లోపు బయటపడుతుంది కాబట్టి, ఏ నీళ్ల లైను కట్టేయాలో తేల్చుకోవడానికి దొరికేది ఒకట్రెండు రోజులే. కుళాయి నీళ్లు వాసన వస్తున్నాయన్న ఫిర్యాదు కార్పొరేషన్‌లో ఉంటుంది, కేసులు ఆరోగ్యశాఖ దగ్గర ఉంటాయి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉన్నట్టుండి అయిపోయిన సంగతి మెడికల్ షాపు బిల్లుల్లో ఉంటుంది. ఈ మూడింటినీ వీధి, తేదీ చూసి ఒకే మ్యాపు మీద పెడితే చాలు, డేటా సైన్స్‌తో మన ఊళ్లకు ముందుగా కావలసిన పని ఇదే.

వ్యవస్థ లేదని అనను. అంటురోగాల మీద నిఘాకు 2004లో మొదలైన కేంద్ర పథకం ఐడీఎస్‌పీలో లెక్కలు వారానికోసారి వెళ్లేవి. అదే పనికి 2021లో వచ్చిన ఆన్‌లైన్ పోర్టల్ ఐహెచ్‌ఐపీలో, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం లక్షణాలు చూసి ఎస్ ఫారం, డాక్టరు పి ఫారం, ల్యాబు వాళ్లు ఎల్ ఫారం ఎప్పటికప్పుడు నింపాలి. ఏర్పాటు నిజంగా మంచిది. కాకపోతే ఆ ఏఎన్‌ఎమ్మే టీకాలు, గర్భిణులు, బీపీ, షుగర్ వివరాలు కూడా ఎక్కించాలి, మళ్లీ రిజిస్టర్లోనూ రాయాలి. పైగా జ్వరమొస్తే మనలో చాలామంది ముందు వెళ్లేది వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికే, అక్కడి కేసు ఏ ఫారంలోకీ ఎక్కదు.

2025లో గుంటూరు పక్కనే తురకపాలెంలో వరస మరణాలు సెప్టెంబరులో గానీ రాష్ట్రం దృష్టికి రాలేదు. మట్టిలో ఉండే బ్యాక్టీరియాతో వచ్చే మెలియోయిడోసిస్ అని అనుమానించారు, అది తేలాలంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే బ్లడ్ కల్చర్ చేయాలి. ఒక్కొక్కరు ఒక్కో ఆస్పత్రికి వెళ్తే ఏ డాక్టరుకైనా కనిపించేది ఒక్క రోగే, ఊరు కనిపించదు. ఊరిని చూపించాల్సింది డేటానే.

రోగాలను ముందే అంచనా వేసే పెద్ద పెద్ద కంప్యూటర్ మోడళ్ల మీద నాకు అంత మోజు లేదు. జనం గూగుల్‌లో ఏం వెతుకుతున్నారో చూసి ఫ్లూను అంచనా వేస్తామని 2008లో తెచ్చిన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్, 2012-13 సీజన్‌లో ఉన్నదానికి దాదాపు రెట్టింపు చూపించింది, 2015లో మూసేశారు. కింద నింపే గడి సరిగ్గా లేకుండా పైన ఎంత తెలివి పెట్టినా దండగే. పేర్లు బయటపడతాయన్న టెన్షన్ న్యాయమైనదే, కానీ మ్యాపుకు పేరు అక్కర్లేదు, వీధి, వయసు, ఏ రోజు మొదలైందో ఉంటే సరిపోతుంది. ప్రైవేటు ఆస్పత్రుల ఓపీలో ఈ మూడు గడులనూ తప్పనిసరి చేయాలి, ఏఎన్‌ఎంకు పక్కన ఒక డేటా ఎంట్రీ మనిషిని ఇవ్వాలి.

అమ్మ మూడో రోజుకు లేచి తిరిగింది. ఆ రోజే కార్పొరేషన్‌కు ఫోన్ చేసి మా వీధి, వెనక వీధి, ముగ్గురికీ ఎప్పుడు మొదలైందో చెప్పాను. అవతలాయన తేదీలు ఇంకోసారి అడిగి రాసుకున్నాడు.