సవరణ: వైద్య వ్యర్థాల డబ్బాపై ఉండాల్సింది యూఎన్ 3291

వైద్య వ్యర్థాల రవాణాపై గత పోస్టులో, వాడేసిన సూదులు, రక్తం అంటిన దూది ఉన్న డబ్బాలకు యూఎన్ 3373 (ప్రమాదకర సరుకు ఏ రకమో తెలిపే ఐక్యరాజ్యసమితి నంబరు) గుర్తు వేయాలని ఉంది. దాన్ని యూఎన్ 3291 అని చదువుకోగలరు. 3373 అనేది పరీక్ష కోసం ల్యాబుకు పంపే నమూనాలది. పారవేయడానికి వెళ్లే సరుకుకు అది వర్తించదు.

నంబరుతో పాటు ప్యాకింగూ మారుతుంది, అసలు చిక్కు అక్కడే. నమూనాలకు మూడు పొరల ప్యాకింగ్ పద్ధతి. 3291కి మాత్రం ఐక్యరాజ్యసమితి ప్రమాణాల ప్రకారం పరీక్షించి, ఆ ముద్ర వేసిన గట్టి డబ్బా కావాలి. లోపలి తడినంతా పీల్చుకునేంత పదార్థం అందులో ఉండాలి. ద్రవం ఎక్కువగా ఉంటే ద్రవాల కోసమే పరీక్షించిన డబ్బా వాడాలి. సూదులు, బ్లేడ్లు ఉంటే అవి గుచ్చుకుని బయటికి రాని గోడలుండాలి. ఉత్త ప్లాస్టిక్ సంచికి మూతి బిగించి పంపితే కుదరదు.

డబ్బా మీద 6.2 తరగతి, అంటే రోగాలు సోకించే పదార్థాల లేబుల్ తప్పనిసరి. వజ్రాకారం, మామూలుగా ఒక్కో భుజం 100 మిల్లీమీటర్లు, కింది మూలలో 6 అంకె. తలుపులకు అంటించే బయోహజార్డ్ స్టిక్కర్‌లోనూ ఈ లేబుల్ మీది మూడు నెలవంకల బొమ్మే ఉంటుంది గానీ, దీనికి అది బదులు కాదు.

ఎబోలా లాంటి 'ఎ' కేటగిరీ (సోకితే ప్రాణాపాయం లేదా శాశ్వత వైకల్యం కలిగించే) రోగకారకాలున్న ఘన వ్యర్థాలకు యూఎన్ 3549 అని వేరే నంబరుంది. పై నియమాలు వాటికి చాలవు.