జర్నళ్లన్నీ ఉచితమైతే కొనుగోళ్ల విభాగం ఎందుకన్న వాదనకు ఖండన

విడివిడిగా కాకుండా దేశం మొత్తానికి కలిపి పరిశోధన జర్నళ్లకు చందా కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నాటి నుంచి విశ్వవిద్యాలయాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతూనే ఉంది. ప్రపంచంలోని పరిశోధన జర్నళ్లన్నీ ఇక అందరికీ ఉచితమనీ, అవి శాశ్వతంగా మనవేననీ, కాబట్టి గ్రంథాలయాలకు బడ్జెట్టు గానీ, కొనుగోళ్లు, ఈ-వనరుల విభాగం గానీ అక్కర్లేదనీ, కంప్యూటర్ తెలిసిన మనిషి ఒక్కడుంటే చాలనీ దాని సారాంశం. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఆ విభాగం బాధ్యతలు చూస్తున్నవాణ్ణి కనుక నా మాటల్లో స్వార్థం ఉందని ఎవరైనా అనుమానించవచ్చు. అందువల్ల నా అభిప్రాయాలను కాస్త పక్కన పెట్టి, లెక్కలనూ పని నడిచే తీరునూ ముందుంచుతాను.

‘అన్నీ, అందరికీ, ఉచితం’ అన్న మూడు మాటల్లో ఒక్కటీ నిలవదు. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకంలో ఉన్నవి 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 ఈ-జర్నళ్లు. వాటిని చదవగలిగేది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలోని ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలు కలిపి 6,300కు పైగా సంస్థల వారు మాత్రమే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివేవారిలో అత్యధికులు ప్రైవేటు కళాశాలల్లోనే ఉన్నారు. తొలి దశలో ఆ కళాశాలలకు చోటు లేదు. ఇక ఉచితం సంగతి. 2025, 2026, 2027 సంవత్సరాలకు ప్రభుత్వం కేటాయించినది రూ. 6,000 కోట్లు, అంటే ఏడాదికి సగటున రూ. 2,000 కోట్లు. లబ్ధిదారులుగా చెప్పిన 1.8 కోట్ల మందికి పంచితే తలకు ఏటా సుమారు రూ. 1,100 పడుతుంది. బిల్లు మన గ్రంథాలయానికి రావడం లేదు కనుక అది లేదనుకుంటున్నాం. ఇలా అన్నంత మాత్రాన పథకాన్ని తక్కువ చేస్తున్నట్టు కాదు. ఒక్క విదేశీ జర్నల్‌కైనా చందా కట్టే స్తోమత లేని చిన్న పట్టణపు ప్రభుత్వ కళాశాలకు ఇది నిజంగానే పెద్ద వరం.

‘గ్రంథాలయ బడ్జెట్టు ఇక దండుగ’ అన్నది రెండో మాట. ఇది జర్నళ్ల కోసం ఉద్దేశించిన పథకం. పాఠ్యపుస్తకాలు, ఈ-పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు, సాంకేతిక ప్రమాణాల ప్రతులు, ఆ 30 సంస్థల బయట ఉన్న చిన్న విద్వత్ పత్రికలు దీని పరిధిలోకి రావు. అన్నిటికన్నా నాకు పట్టింపు ఉన్నది తెలుగు పుస్తకాల విషయంలో. తెలుగు శాఖలో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థికి కావలసిన కవితా సంపుటి చాలాసార్లు రచయిత సొంత ఖర్చుతో కొద్ది ప్రతులు అచ్చు వేయించుకుని, చివరి పేజీలో ఇంటి చిరునామా ఇచ్చి అమ్ముకునే పుస్తకమై ఉంటుంది. దానికి ఈ-బుక్ లైసెన్సు ఉండదు, తరచుగా పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్య కూడా ఉండదు, టోకున సరఫరా చేసే వెండర్ జాబితాలో దాని పేరే కనిపించదు. విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలకు వెళ్లి, స్టాళ్లు తిరిగి, ఏది అవసరమో గుర్తుపట్టి, ఆ ఒక్క ప్రతికీ ఆడిట్‌లో నిలిచే బిల్లు రాయించుకుని రావడం ఒక పని. ఆ ఏడాది కొనకపోతే మరుసటి ఏడాదికి ప్రతులు మిగలకపోవచ్చు. జర్నళ్ల భారం కొంత తగ్గిందంటే, ఆ మిగులును ఇలాంటి పుస్తకాల మీద పెట్టడానికి వీలు దొరికిందని నేను అర్థం చేసుకుంటాను. బడ్జెట్టు కోతకు అది సాకు కాకూడదు.

‘ఇవన్నీ శాశ్వతంగా మనవి’ అన్న మాట అన్నిటికన్నా ప్రమాదకరమైనది. బైండు చేయించి బీరువాలో పెట్టిన సంపుటం చందా ఆగినా కదలదు. ఈ-జర్నల్ విషయంలో మనం కొనేది చదువుకునే హక్కును. ఆ హక్కు ఎంతకాలమో, చందా ముగిశాక పాత సంచికలు తెరుచుకుంటాయో లేదో లైసెన్సులోని ఒక నిబంధన తేలుస్తుంది, అది ప్రచురణకర్తను బట్టి మారుతుంది. ప్రస్తుత కేటాయింపు 2027తో ముగుస్తుంది. పథకం రాకముందు మనం సొంత నిధులతో చందా కట్టిన సంవత్సరాలకు కొన్ని జర్నళ్ల మీద శాశ్వత హక్కులు ఉండి ఉండవచ్చు. వాటిని నిరూపించేవి పాత ఇన్వాయిస్‌లు, సంతకాలున్న లైసెన్సు ప్రతులు. విభాగాన్ని ఎత్తేస్తే మొదట పోయేవి ఆ ఫైళ్లే. ఒక విచిత్రం చెప్పాలి. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోతే దాన్ని సహజ నష్టంగా పరిగణించవచ్చని 2017 సాధారణ ఆర్థిక నియమాలు అచ్చు పుస్తకాల గురించి స్పష్టంగా చెబుతాయి. తెర మీద కనిపించే ఒక జర్నల్ పదేళ్ల సంచికలు రాత్రికి రాత్రి మూసుకుపోతే, ఆ నష్టం రాసుకోవడానికి మన దగ్గర రిజిస్టరే లేదు.

‘కంప్యూటర్ తెలిసిన మనిషి చాలు’ అన్నదానికి ఒక అనుభవంతో జవాబు చెబుతాను. ఒక ఉదయం ఒక సైన్సు విభాగం వాళ్లంతా జర్నళ్లు తెరుచుకోవడం లేదని ఫోన్లు చేశారు. ప్రచురణకర్త సైటు బాగానే ఉంది, మా ఇంటర్నెట్టూ బాగానే ఉంది. మధ్యాహ్నానికి తేలిందేమంటే, క్యాంపస్ నెట్‌వర్క్ వారు ఇంటర్నెట్ సంస్థను మార్చడంతో మా ఐపీ చిరునామాలన్నీ, అంటే మా కంప్యూటర్లను ప్రచురణకర్తల సైట్లు గుర్తుపట్టే అంకెలన్నీ, మారిపోయాయి. గ్రంథాలయానికి ఎవరూ చెప్పలేదు, పాత చిరునామాలే ప్రచురణకర్తల దగ్గర నమోదై ఉన్నాయి. ఒక్కో సంస్థకూ విడివిడిగా రాసి సరిచేయించే సరికి వారం దాటింది. ఇదీ తేలికైన రకం. జనవరిలో జర్నళ్లు ఒక ప్రచురణకర్త నుంచి మరొకరికి మారతాయి, లింకులు తెగుతాయి, ఏ జర్నల్ ఏ సంవత్సరం నుంచి అందుబాటులో ఉందో చెప్పే కేబార్ట్ జాబితాలను మళ్లీ ఎక్కించాలి. ఇంటి నుంచి చదివేవారికి విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి లాగిన్ వ్యవస్థ ఇన్‌ఫెడ్ ద్వారా లాగిన్లు ఇవ్వాలి, చదువు ముగించి వెళ్లినవారివి తీసేయాలి.

వాడకం లెక్కలు వాటంతట అవే వస్తాయని కూడా ఆ సందేశంలో ఒక వాక్యం ఉంది. అంకెలు వస్తాయి, నిజమే. ఈ-వనరుల వాడకాన్ని ఒకే తీరున లెక్కించే కౌంటర్ ప్రమాణం ప్రకారం వచ్చే టీఆర్-జె1 నివేదిక ఏ జర్నల్‌ను ఎన్నిసార్లు తెరిచారో చెబుతుంది. నేను ముందు చూసేది టీఆర్-జె2ను, ఎందుకంటే మనవాళ్లు తెరవబోయి, హక్కు లేక వెనుదిరిగిన జర్నళ్ల లెక్క అందులో ఉంటుంది. మొదటిది చూసి సంతోషించడం సులభం. రెండోదాన్ని విభాగాల వారీగా విడదీసి, అధ్యాపకులతో మాట్లాడి, దేన్ని మన నిధులతో కొనాలో, దేన్ని పథకంలో చేర్చమని అడగాలో తేల్చడానికి ఆయా సబ్జెక్టులు తెలిసిన మనుషులు కావాలి.

ఆ సందేశంలో ఒక్క నిజం ఉందని ఒప్పుకుంటాను. అచ్చు జర్నళ్లు వచ్చినప్పుడల్లా సంచికల రాకను రాసుకునే కార్డుల పెట్టె కార్డెక్స్‌లో నమోదు చేయడం, రాని సంచికలకు రిమైండర్లు రాయడం, ఏడాది చివర బైండింగ్‌కు పంపడం అనే పని మా దగ్గర బాగా తగ్గిపోయింది. ఆ బల్ల దగ్గర కూర్చునే ఇద్దరు సహోద్యోగులు ఇప్పుడు లాగిన్ సమస్యల ఫోన్లు తీస్తున్నారు.