‘గట్టిగా పట్టుకోండి, భయం అదే పోతుంది’ గారికి

అయ్యా,

మీ వైద్యం ఎంత సులువు! చదువక్కర్లేదు, ఓపికక్కర్లేదు, బలమైన మనుషులు నలుగురుంటే చాలు. కటింగ్ షాపులో, పళ్ల డాక్టర్ దగ్గర, రక్తపరీక్ష గదిలో ఎక్కడ చూసినా తమరే.

మావాడికి జుట్టు కత్తిరించే ట్రిమ్మర్ అంటే హడల్. “పన్నెండేళ్లొచ్చాయి, ఇంకా భయమేంటి?” అని కూడా అడుగుతుంటారు. మేధో వైకల్యం ఉన్న మావాడిలాంటి పిల్లల్లో భయాలు చాలాసార్లు వయసును బట్టి కాదు, మానసిక ఎదుగుదలను బట్టి ఉంటాయి. పైగా వాడికి “భయమేస్తోంది” అని చెప్పడం రాదు. చెవులు మూసుకుంటాడు, కొరుకుతాడు, పారిపోతాడు. మీరేమో ‘మొండితనం’ అని రాసేసి కేసు మూసేస్తారు. చెవిలో నొప్పేమైనా ఉందేమో చూడాలన్నది మీ సిలబస్‌లో లేదనుకుంటా.

మా టీచరుగారి పద్ధతి మీకు నచ్చదు. మరీ నెమ్మది. ముందు ట్రిమ్మర్‌ని ఆన్ చేయకుండా వాడి చేతికిచ్చారు. వాడు దాన్ని కారులా నేలమీద నడిపాడు. తర్వాత గదిలో ఆ మూల ఆన్ చేసి, ఈ మూల వాడికిష్టమైన పాట పెట్టారు. ఆపడం వాడి ఇష్టం, స్విచ్ వాడి చేతిలోనే. ఆపాడు, వేశాడు, మళ్లీ ఆపాడు. ఆ ఆటకే కొన్ని వారాలు పోయాయనుకోండి. ఆ తర్వాత వాళ్ల నాన్న తలమీద. ఆ తర్వాత ట్రిమ్మర్ వెనకవైపు వాడి అరచేతికి, మోచేతికి, భుజానికి ఆనించడం. జంకితే ఒక మెట్టు వెనక్కి. దాటితే అక్కడికక్కడే మెచ్చుకోలు.

ఇదేం కొత్త సంగతి కాదండోయ్. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్నపిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేల్ని కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చి భయం పోగొట్టిన తీరును అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్ 1924లోనే రాశారు. వందేళ్లు దాటినా మీకింకా కబురందినట్టు లేదు.

మీ హస్తవాసి మాత్రం గొప్పది. ఒక్కసారి నలుగురూ పట్టుకుని కత్తిరిస్తే చాలు, ట్రిమ్మర్‌తోపాటు ఆ కుర్చీ, మెడకు కట్టే గుడ్డ, చివరికి ఆ వీధి మలుపు కూడా భయపెడతాయి. ఒక భయంతో వచ్చినవాణ్ని నాలుగింటితో పంపిస్తారు.

మొన్న మావాడికి ఒక చెవి పక్కన కటింగ్ అయింది. చెయ్యెత్తి ఆపమన్నాడు, ఆపేశాం. రెండో పక్క వచ్చేవారం చూద్దామన్నారు టీచరుగారు. అందాకా వాడు ఆ సగం క్రాఫుతోనే తిరుగుతాడు. చూసి నవ్వుకోండి, పర్లేదు. పట్టుకోవడానికి మాత్రం రాకండి.

ఇట్లు,
సగం క్రాఫు పిల్లాడి అమ్మ