యాప్ పాస్, చిన్నాయన ఫెయిల్

తిరుపతిలో మా ఎదురింటి కుర్రాడు బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తాడు. మొబైల్ యాప్‌లు చూపు లేనివాళ్లకు, చేతులు సరిగా ఆడనివాళ్లకు పనికొస్తాయో లేదో పరీక్షించడం అతని ఉద్యోగం. ఆ పరీక్ష నేను కళ్లారా చూశాను. ఏసీ వేసుకుంటాడు. ఒక టూల్‌ని యాప్ మీదికి వదులుతాడు. అది రెండు నిమిషాల్లో పచ్చ టిక్కులు పెట్టేస్తుంది. రిపోర్టు పైకి పంపి ఉప్మా తింటాడు. ఇంత శాస్త్రీయమైన పద్ధతిని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

తప్పంతా మా చిన్నాయనదే. చూపు పోయి ఇరవై ఏళ్లయినా ఊరికే ఉండడు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని, తెరను వేలితో తడుముతూ, అది చదివింది వింటూ పనులు చక్కబెట్టుకుంటాడు. మొన్న బస్సు టికెట్టు కోసం ఒక యాప్ తెరిచాడు. "ఐకాన్ టూ, బటన్. ఐకాన్ త్రీ, బటన్" అని అది అష్టోత్తరం అందుకుంది.

ఇందులో టూల్ తప్పేమీ లేదు. ప్రతి బటన్‌కూ పేరుందా అని అడగడం వరకే దాని డ్యూటీ. ఉంది కదా, ఐకాన్ త్రీ! ఆ పేరు మనిషికి అర్థమవుతుందా అనేది దానికి అనవసరం. చిన్నాయన మాత్రం పట్టుదలగా ఐకాన్ సెవెన్ అంటే డబ్బు కట్టేదని, నైన్ అంటే రద్దు అని బట్టీ పట్టాడు. అంతలో అప్‌డేట్ వచ్చి నంబర్లు అటూ ఇటూ అయ్యాయి. డబ్బు కట్టిన టికెట్టును తన చేత్తోనే రద్దు చేసుకున్నాడు.

"అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినోణ్ని రా. మెట్టు నేనుండానని కాలికి చెప్తుంది. ఈ బటన్ చెప్పదే!" అన్నాడు. పెద్దవాళ్లకు అన్నీ విచిత్రమైన కోరికలు.

చిన్నమ్మకు చూపు కొంచెం ఉంది. అదే ఆవిడ చేసుకున్న పాపం. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలని ప్రపంచమంతా పాటించే ప్రమాణం ఒకటుంది. ఈ యాప్‌లో ఏడుకొండల ఫొటో, దాని మబ్బుల మీద తెల్లక్షరాలు. ఫొటో మీద అక్షరాల్ని టూల్ కూడా తేల్చలేక, మనిషి చూసుకోవాలని పక్కన పెట్టింది. మనిషి ఉప్మా తింటున్నాడు.

ఇక కేవైసీ, అంటే మనం మనమేనని రుజువు చేసుకోవడం. "కళ్లు ఆర్పండి" అంది యాప్. కళ్లు ఆర్పలేనివాళ్లు ఏం కావాలని యాసిడ్ దాడి బాధితులు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, డిజిటల్ సేవలు అందడం కూడా జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. దివ్యాంగుల హక్కుల చట్టమైతే 2016 నాటిది. పాపం, మన యాప్ ఇంకా చదివినట్టు లేదు. మబ్బుల మీద తెల్లక్షరాల్లో అచ్చయిందేమో!

నిన్న రాత్రి ఎదురింటి కుర్రాడు చెమటలు కక్కుతూ మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. టాక్‌బ్యాక్‌తో పరీక్షించినట్టు రిపోర్టులో ఒక స్క్రీన్‌షాట్ పెట్టమని ఆఫీసులో అడిగారట. ఉద్యోగంలో చేరాక మొదటిసారి దాన్ని ఆన్ చేశాడు. ఇప్పుడు ఆగడం లేదు. ఎక్కడ తాకినా ఫోను మాట్లాడుతోంది, పని మాత్రం చేయడం లేదు.

"తాతా, దీన్ని ఎట్లా ఆపేది?"

"ఒకసారి తాకితే పేరు చెప్తుంది నాయనా. పని జరగాలంటే రెండుసార్లు తట్టాల."

"స్క్రోల్ కూడా కావడంలా తాతా!"

"రెండు వేళ్లతో జరపాల." ఇక చెప్పి లాభం లేదనుకుని చిన్నాయన ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాలుగుసార్లు వేలు జరిపి, రెండుసార్లు తట్టాడు. గోల ఆగింది.

"పరీక్ష ఎప్పుడు నాయనా?" అన్నాడు ఫోను తిరిగిస్తూ.

"అయిపోయింది తాతా. మొన్ననే పాసయింది."