సవరణ: ఫ్యాన్ తిరిగినంత మాత్రాన పవర్ సప్లై బాగున్నట్టు కాదు

డెస్క్‌టాప్ ఆన్ కాకపోతే పవర్ సప్లై (భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా) వైర్లను మిగతా భాగాల నుంచి ఊడదీసి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలపమని, ఫ్యాన్ తిరిగితే అది బాగున్నట్టేనని ఇంతకుముందు పోస్టులో ఉంది. ఆ చివరి మాటను ఇలా మార్చి చదవండి: ఫ్యాన్ తిరిగితే సప్లై ఆన్ అవుతోందని మాత్రమే తెలుస్తుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల లోడ్ పడగానే వోల్టేజీ పడిపోయే సప్లైలు కూడా ఈ పరీక్షలో చక్కగా తిరుగుతాయి. అందుకే ఊడదీసిన కనెక్టర్లన్నీ మళ్ళీ భాగాలకు తగిలించి, సిస్టమ్ ఆన్ చేసి, మల్టీమీటర్‌తో పసుపు వైరు కొలవండి, 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. అన్నిటికన్నా నమ్మకమైనది, బాగా పనిచేస్తున్న మరో సప్లై పెట్టి చూడటం. కొన్నింటికి వైర్లన్నీ నల్లగానే ఉంటాయి, అక్కడ ఊహించి కలపొద్దు. సప్లై డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పకండి, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో (విద్యుత్తును నిల్వ ఉంచే భాగాల్లో) ప్రమాదకరమైన చార్జ్ మిగిలి ఉండొచ్చు.